క్యాన్సర్ అలసటను కొలవడం: ఎంత అన్నదానికంటే ఎప్పుడు, ఎలా అడిగారన్నదే ముఖ్యం

మూడు వారాలకోసారి కీమోథెరపీ తీసుకునేవారిలో అలసట మామూలుగా మందు ఎక్కించిన తర్వాతి కొద్ది రోజుల్లోనే ఎక్కువగా ఉంటుంది. రెండో వారంలో కాస్త తేరుకుంటారు, మూడో వారానికి చాలామంది లేచి తిరుగుతారు. డాక్టరును కలిసేది మాత్రం తర్వాతి డోసుకు ముందు, అంటే 20వ రోజునో 21వ రోజునో. ఆ పూట ప్రశ్నావళి చేతికిచ్చి 'గత 7 రోజుల్లో ఎంత అలసటగా ఉంది?' అని అడిగితే జ్వరం దిగాక థర్మామీటరు పెట్టినట్టే ఉంటుంది. వచ్చే జవాబు అబద్ధం కాదు, అయితే మూడు వారాల్లోకెల్లా తేలికైన వారం గురించిన జవాబు అది. మంచం దిగలేకపోయిన రోజులు ఆ కాగితం మీదికి రానేరావు.

అలసటను కొలిచే ప్రశ్నావళులు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఏది మంచిదన్న చర్చ చాలాకాలంగా నడుస్తోంది. ఆచరణలో కొలత చెడేది మాత్రం స్కేలు ఎంపిక దగ్గర కంటే మిగతా చోట్లే ఎక్కువ: అడిగిన రోజు, అడిగిన మనిషి, కూడిన పద్ధతి, ఖాళీగా వదిలిన గడులు.

ఏ అలసటను కొలుస్తున్నాం

క్యాన్సర్ అలసటకు అమెరికాలోని క్యాన్సర్ కేంద్రాల కూటమి అయిన ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు ఇచ్చిన నిర్వచనంలో మూడు షరతులు కనిపిస్తాయి. చేసిన పనికీ వచ్చిన అలసటకూ పొంతన ఉండదు. అది వచ్చి పోయేది కాదు, వదలకుండా పట్టి ఉంటుంది. రోజువారీ పనులకు అడ్డం పడుతుంది. శరీరంలోనే కాదు, మనసులోనూ ఆలోచనలోనూ తెలుస్తుంది. నిద్రపోయి లేచినా తీరకపోవడం దీని ప్రత్యేక లక్షణం. ఇది రోగి అనుభవం గనుక రోగి నోటి మాటే మూల ఆధారమని కూడా ఆ నిర్వచనం చెబుతుంది. రక్తపరీక్షతో గానీ యంత్రంతో గానీ దీన్ని నేరుగా కొలిచే మార్గం లేదు.

చికిత్స దుష్ప్రభావాలకు డాక్టర్లు గ్రేడు వేసే సీటీసీఏఈ పట్టికలో అలసటకు మూడు మెట్లే ఉన్నాయి. విశ్రాంతితో తీరితే 1. విశ్రాంతితో తీరక, వంట, బజారు పని, డబ్బు లెక్కల వంటివాటికి అడ్డొస్తే 2. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం కూడా కష్టమైతే 3. నాలుగు, ఐదు లేవు. గ్రేడు 2 పరిధి చాలా పెద్దదన్నది తేలిగ్గానే కనబడుతుంది: మధ్యాహ్నం గంటసేపు పడుకోవాల్సి వచ్చే మనిషీ, ఇంటి పనంతా మానేసిన మనిషీ అందులోనే పడతారు. పైగా ఇది వైద్యుడు వేసే గ్రేడు. రోగులు స్వయంగా చెప్పిన తీవ్రత కంటే వైద్యులు వేసే అంచనా తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో పదేపదే బయటపడింది. ఆ లోటు పూడ్చడానికే రోగులే పూరించే పీఆర్ఓ-సీటీసీఏఈ వచ్చింది. అందులో అలసటకు రెండు ప్రశ్నలుంటాయి, గత 7 రోజుల్లో అది ఎంత తీవ్రంగా ఉంది, రోజువారీ పనులకు ఎంత అడ్డుపడింది అని.

ఒక్క ప్రశ్న ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు

రద్దీగా ఉండే ఓపీలో 0 నుంచి 10 వరకు అంకె అడిగే ఒక్క ప్రశ్నే నిలబడుతుంది. 1 నుంచి 3 వరకు స్వల్పం, 4 నుంచి 6 మధ్యస్థం, 7 ఆపైన తీవ్రం. 4 లేదా అంతకు మించి వస్తే కారణాలు వెతకాలి. దీన్ని ఎలా అడగాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫలితాలు తారుమారయ్యేది ఇక్కడే. రెండు చివరల అర్థం ప్రతిసారీ ఒకే మాటల్లో చెప్పాలి: 0 అంటే అసలు అలసట లేదు, 10 అంటే ఊహించుకోగలిగినంత అలసట. ఒకసారి 'మీ ఓపిక పదికి ఎంత?' అని, మరోసారి 'మీ అలసట పదికి ఎంత?' అని అడిగితే స్కేలు తలకిందులవుతుంది. మొదటి ప్రశ్నకు 8 అంటే కులాసాగా ఉన్నారని, రెండోదానికి 8 అంటే కూలబడ్డారని. చార్టులో మిగిలేది ఉత్త 8.

'ఐదో ఆరో' అంటే రెండింటిలో ఒకటి ఎంచుకోమనాలి. అడిగేవారు సగటు వేసి 5.5 రాయకూడదు. అంకె చెప్పడం ఇబ్బందిగా ఉన్నవారిని 'లేదు, కొంచెం, ఓ మోస్తరు, బాగా ఎక్కువ' అన్న నాలుగు మాటల్లో ఒకటి చెప్పమంటే చాలు, ఎన్‌సీసీఎన్ పద్ధతీ దీన్ని ఒప్పుకుంటుంది. అయితే ఆ మాటను తర్వాత ఎవరో తమ లెక్కన అంకెగా మార్చి గ్రాఫులో కలపడం మంచిది కాదు.

కెనడాలోని ఎడ్మంటన్‌లో పాలియేటివ్ (బాధ తగ్గించే ఉపశమన చికిత్స) వైద్యులు 1991లో ప్రచురించిన ఈసాస్ పట్టిక ఈ ఒక్క ప్రశ్నను నొప్పి, వికారం, ఆందోళన, ఆయాసం వంటి మరికొన్ని లక్షణాల పక్కన పెట్టింది. మొదట్లో 100 మిల్లీమీటర్ల గీత మీద గుర్తు పెట్టించేవారు, తర్వాత 0 నుంచి 10 అంకెలకు మారింది. సవరించిన పట్టికలో చేసిన ఒక మార్పు గమనించదగ్గది. అలసట పక్కన 'శక్తి లేకపోవడం' అని, మగత పక్కన 'నిద్ర వస్తున్నట్టు ఉండటం' అని వివరణ చేర్చారు. రోగులు ఈ రెంటినీ కలిపేసుకుంటున్నారని తేలడమే కారణం. చికిత్స పరంగా ఈ తేడా చాలా పెద్దది. మగత 7, అలసట 3 అయితే ముందు చూడాల్సింది మార్ఫిన్ మోతాదు, నిద్రమాత్రలు, వాంతులకిచ్చే ఒలాంజపిన్ లాంటి మందులు. అలసట 7, మగత 1 అయితే వెతకాల్సిన దారి వేరు.

ఈసాస్ అడిగేది 'ఇప్పుడు' ఎలా ఉందని. అప్పటి క్షణానికి అది కచ్చితమే, కానీ క్యాన్సర్ అలసట ఒక్క రోజులోనే చాలాసార్లు మారుతుంది. పొద్దున 2 ఉన్నది సాయంత్రానికి 7 కావచ్చు. పొద్దుటి ఓపీకి వచ్చినవారి అంకెనూ, సాయంత్రం ఫోనులో చెప్పిన అంకెనూ పక్కపక్కన పెట్టి 'పెరిగింది' అనడం తప్పు. టెక్సాస్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రంలో రూపొంది 1999లో వచ్చిన బ్రీఫ్ ఫెటీగ్ ఇన్వెంటరీ ఈ చిక్కును కొంత తప్పించింది. అందులో తొమ్మిది ప్రశ్నలున్నాయి. మొదటి మూడూ ఇప్పుడు ఎంత, గత 24 గంటల్లో మామూలుగా ఎంత, బాగా ఎక్కువైనప్పుడు ఎంత అని అడుగుతాయి. మిగిలిన ఆరూ పనులు, మనఃస్థితి, నడక, ఉద్యోగం లేదా ఇంటిపని, ఇతరులతో సంబంధాలు, జీవితంలో ఆనందం మీద అలసట ఎంత ప్రభావం చూపిందని అడుగుతాయి. తొమ్మిదింటి సగటే స్కోరు. సగటు ఒక్కటే చూసి పక్కన పెట్టేస్తే సగం సమాచారం పోతుంది. 'బాగా ఎక్కువైనప్పుడు' 9, 'మామూలుగా' 3 అన్న మనిషికీ, రెంటికీ 6 అన్న మనిషికీ తీవ్రత సగటు ఒకేలా కనిపించవచ్చు. మొదటివారికి పనికొచ్చేది పనులను ఓపిక ఉన్న గంటలకు మార్చుకోవడం. రెండోవారికి అలాంటి గంటలే లేవు.

పెద్ద ప్రశ్నావళులు, లెక్క తప్పే చోట్లు

పరిశోధనల్లో బాగా వాడేది ఫాసిట్-ఎఫ్ అనే ప్రశ్నావళి. 13 వాక్యాలు, గత 7 రోజులు, ఒక్కోదానికి 0 నుంచి 4. మొత్తం 0 నుంచి 52. దీనిలో ఎక్కువ స్కోరు అంటే తక్కువ అలసట. ఇక్కడ చెప్పుకునే మిగతా అలసట స్కేళ్లు ఒక దిక్కు, ఇదొక దిక్కు. 11 వాక్యాలు 'నాకు అలసటగా ఉంది' తరహావి కాబట్టి వాటి జవాబును 4లోంచి తీసేయాలి. 'నాకు శక్తి ఉంది', 'మామూలు పనులు చేసుకోగలుగుతున్నాను' అన్న రెంటినే ఉన్నది ఉన్నట్టు కూడాలి. ఈ తీసివేత మరిచిపోతే ఏమవుతుందో ఒక లెక్కతో చూడొచ్చు. ఒకరు అలసటకు సంబంధించిన 11 వాక్యాలకూ 3 అని, శక్తికి సంబంధించిన రెంటికీ 1 అని గుర్తు పెట్టారనుకుందాం. సరైన లెక్క: 11 × 1 + 2 = 13, అంటే తీవ్రమైన అలసట. తీసివేయకుండా కూడితే: 33 + 2 = 35. చాలాచోట్ల వాడే గీటురాయి 34. దానికంటే తక్కువ వస్తే పట్టించుకోవాల్సిన అలసట అని అర్థం. నిజానికి కుప్పకూలి ఉన్న మనిషి ఈ తప్పుడు లెక్కలో 'బాగానే ఉన్నారు' గడిలోకి వెళ్లిపోతారు.

శక్తి గురించిన ఆ రెండు వాక్యాలు మరో పనికీ వస్తాయి. చదవకుండా 13 గడులకూ 3 కొట్టుకుంటూ పోయినవారు 'బాగా అలసటగా ఉంది', 'బాగా శక్తి ఉంది' అని రెండూ ఒప్పుకున్నట్టవుతుంది. అలాంటి కాగితాన్ని లెక్కలో వేసేముందు మనిషిని మళ్లీ అడగాలి.

కొన్ని గడులు ఖాళీగా ఉంటే మిగతావాటి నుంచి స్కోరు కట్టొచ్చు, సగానికి పైగా, అంటే కనీసం 7 జవాబులు ఉంటే. పద్ధతి సులువు: వచ్చిన మొత్తాన్ని 13తో హెచ్చవేసి, జవాబిచ్చిన ప్రశ్నల సంఖ్యతో భాగించాలి. 11 ప్రశ్నలకు 22 వస్తే 22 × 13 ÷ 11 = 26. తీసివేత అయ్యాక స్కోరులో ఖాళీ గడిని సున్నాగా వేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. అలా వేస్తే ఉన్నదానికంటే ఎక్కువ అలసట చూపిస్తుంది.

యూరప్‌లో పుట్టిన క్యూఎల్‌క్యూ-సి30 జీవన నాణ్యతను కొలిచే 30 ప్రశ్నల పత్రం. 1993 నుంచి వాడుకలో ఉంది. అందులో అలసటకు మూడే ప్రశ్నలు: విశ్రాంతి అవసరమైందా, బలహీనంగా అనిపించిందా, అలసిపోయారా. ఒక్కోదానికి 1 నుంచి 4. సగటులోంచి 1 తీసి, 3తో భాగించి, 100తో హెచ్చవేస్తే 0 నుంచి 100 స్కోరు వస్తుంది. వంద మెట్ల కొలబద్దలా కనిపిస్తుంది గానీ నిజానికి ఉన్నవి పదే మెట్లు: 0, 11, 22, 33... ఒక్కొక్కటి దాదాపు 11. పది పాయింట్ల మార్పును ప్రాముఖ్యం ఉన్న మార్పుగా చెప్పడం వాడుక. ఒక రోగి విషయంలో చూస్తే మూడింటిలో ఏదో ఒక ప్రశ్నకు 'కొంచెం' బదులు 'చాలా' అన్నా ఆ మార్పు వచ్చేస్తుంది. వందలమంది సగటు మీద పది పాయింట్లు గట్టి సంగతే. ఒక్క మనిషి చార్టులో అది ఆ పూట మూడ్ కూడా కావచ్చు. ఫాసిట్-ఎఫ్‌లో 3 నుంచి 4 పాయింట్లను పట్టించుకోదగ్గ కనీస మార్పుగా తీసుకుంటారు, దానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

శరీరపు అలసట వేరు, బుర్ర పనిచేయకపోవడం వేరు అని విడదీయాలంటే 20 ప్రశ్నల ఎంఎఫ్ఐ గానీ, 12 ప్రశ్నల ఎఫ్ఏ12 గానీ కావాలి. ఎంఎఫ్ఐలో ఐదు భాగాలు, ఒక్కోటి 4 నుంచి 20 వరకు. వాటిని విడివిడిగానే చదవాలి, కలిపి కూడితే విడదీసిన ప్రయోజనమే పోతుంది. కంప్యూటర్ మీద చేయించే ప్రామిస్ పద్ధతిలో ముందు ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న ఎంపికవుతుంది కాబట్టి నాలుగు నుంచి పన్నెండు ప్రశ్నలతో పని అయిపోతుంది. దాని స్కోరులో 50 అంటే అమెరికా సాధారణ జనాభా సగటు, 60 అంటే అంతకంటే ఒక ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి మామూలుగా చెదిరే దూరం) ఎక్కువ. సగటు ఎవరిదో మరిచిపోకుండా చదివితే చాలు.

ఏ రోజున అడగాలి

మొదటి కొలత చికిత్స మొదలవకముందే ఉండాలి. రోగ నిర్ధారణ నాటికే చాలామందికి అలసట ఉంటుంది, అది నమోదు కాకపోతే తర్వాత వచ్చిందంతా మందు ఖాతాలో పడుతుంది. మూడు వారాల కీమోలో డోసుకు ముందు ఒకసారి, డోసు తర్వాత 3 నుంచి 5 రోజుల మధ్య ఒకసారి అడిగితే శిఖరమూ లోయా రెండూ దొరుకుతాయి. రెండోదాన్ని ఫోనులోనే అడగవచ్చు. అయితే ఆ సైకిల్ (ఒక డోసు నుంచి తర్వాతి డోసు దాకా సాగే కాలం) నుంచి ఈ సైకిల్‌కు పోల్చేటప్పుడు అదే రోజు సంఖ్యను అదే రోజు సంఖ్యతోనే పోల్చాలి. రేడియేషన్‌లో తీరు వేరు. అలసట వారం వారం పేరుకుంటూ చికిత్స చివరికి పతాక స్థాయికి చేరి, ఆపాక కొన్ని వారాల్లో నెమ్మదిగా దిగుతుంది. అక్కడ వారానికొకసారి అదే వారం రోజున అడగడం సరిపోతుంది. రోజూ వేసుకునే మాత్రల చికిత్సలో ఎక్కుదిగుళ్లు తక్కువ, నెలకొకసారి చాలు.

ప్రశ్నావళికి 7 రోజుల జ్ఞాపకం అవసరమైతే అది పడే కిటికీ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. గడిచిన వారం గుర్తు చేసుకునేటప్పుడు మనిషి సగటు తీయడు. బాగా బాధపడిన రోజూ, నిన్నటి రోజూ ఎక్కువ బరువు తూగుతాయి.

ఎవరు అడిగారన్నదీ అంతే బరువైనది. అలసట ఎక్కువని చెబితే మోతాదు తగ్గిస్తారేమో, చికిత్స ఆపేస్తారేమో అన్న భయంతో డాక్టరు ముందు అంకె తగ్గించి చెప్పేవారు తక్కువేమీ కాదు. అందుకే కాగితం డాక్టరు గదిలోకి వెళ్లకముందే, వేచి ఉన్నప్పుడే పూరింపజేయాలి. చదవలేనివారికి నర్సు ప్రశ్నను ఉన్న మాటల్లోనే చదవాలి, 'అంటే బాగానే ఉన్నట్టే కదా' అన్న కలుపుగోలు మాట చేర్చకూడదు. పక్కనున్న బంధువు జవాబు అందుకుంటే మర్యాదగా ఆపాలి. దగ్గరివారు వేసే అంకె రోగి చెప్పేదానికంటే ఎక్కువగా ఉండటం మామూలే. రోగి చెప్పలేని స్థితిలో వారి జవాబే తీసుకోవాలి, కానీ 'ఎవరు పూరించారు' అన్న గడి ఖాళీగా వదలకూడదు.

అన్నిటికంటే మోసపుచ్చేవి రాని కాగితాలు. బాగా అలసిపోయినవారే ఫోను ఎత్తరు, అపాయింట్‌మెంటు తప్పిస్తారు, పదో ప్రశ్న దగ్గర పెన్ను దించేస్తారు. వచ్చిన కాగితాల సగటు మాత్రమే చూస్తే వార్డు మొత్తం నెల నెలకూ కోలుకుంటున్నట్టు కనిపిస్తుంది. రాని జవాబును కూడా ఒక సంకేతంగా తీసుకుని, ఆ రోజే ఒక్క ప్రశ్నతో ఫోను చేయడం మంచిది.

అంకె తగ్గినా అలసట తగ్గకపోవచ్చు

మొదటి సైకిల్‌లో 7 అన్న మనిషి ఆరో సైకిల్‌లో 4 అంటారు. మెరుగైందా? కావచ్చు. లేదా ఈ మధ్యలో మరింత ఘోరమైన రోజులు చూసి 'పది' అంటే ఏమిటో వారి లెక్కే మారిపోయి ఉండవచ్చు. అంకె పక్కన ఒకటి రెండు పనుల ప్రశ్నలు స్థిరంగా ఉంచితే ఇది తేలిగ్గా బయటపడుతుంది. పగలు ఎన్ని గంటలు పడుకుంటున్నారు, స్నానం చేశాక కూర్చోవాల్సి వస్తోందా, మెట్లు ఎక్కడం మధ్యలో ఆపుతున్నారా అని. అంకె 7 నుంచి 4కు దిగి, పగటి పడక రెండు గంటల నుంచి ఐదు గంటలకు పెరిగితే నమ్మాల్సింది రెండోదాన్నే.

అలాగని పనితీరును యంత్రంతో కొలిస్తే సరిపోతుందని కాదు. మణికట్టుకు కట్టే కదలిక మీటరు, ఆరు నిమిషాల నడక, చేతి పట్టు బలం వంటి కొలతలకూ, రోగి చెప్పే అలసటకూ పొత్తు బలహీనంగానే కుదురుతుంది. తప్పనిసరై అన్ని అడుగులూ నడిచి సాయంత్రానికి కుప్పకూలేవారుంటారు. పాదాల తిమ్మిరి వల్లో నొప్పి వల్లో అడుగులు తగ్గినవారుంటారు. హిమోగ్లోబిన్ విషయమూ అంతే. అది సరిగ్గా ఉన్నా 8 చెప్పేవారున్నారు, నెమ్మదిగా తగ్గడం వల్ల శరీరం అలవాటుపడి పెద్దగా ఫిర్యాదు చేయనివారూ ఉన్నారు. ఇవి కారణం వెతకడానికి పనికొస్తాయి, అలసట ఉందా లేదా తేల్చడానికి కాదు.

నాలుగు దాటాక

స్కోరు 4 గానీ ఎక్కువ గానీ వస్తే సరిచేయగల కారణాలను వరసగా చూడాలి: నొప్పి, మానసిక వేదన, నిద్ర, రక్తహీనత, తిండి తగ్గడం, కదలిక తగ్గడం, వాడుతున్న మందులు, గుండె, థైరాయిడ్ వంటి ఇతర జబ్బులు. ఇక్కడ మూడు చిక్కుముడులు తరచూ ఎదురవుతాయి.

ఒకటి కుంగుబాటు. దాన్ని కొలిచే పీహెచ్‌క్యూ-9లోనే 'అలసట, శక్తి లేకపోవడం' ఒక ప్రశ్న. నిద్ర, ఆకలి, ఏకాగ్రత మీదా ప్రశ్నలున్నాయి. కీమోలో ఉన్న మనిషికి కుంగుబాటు లేకపోయినా వీటి వల్లే స్కోరు పెరుగుతుంది. అందుకే ఆసక్తి పోవడం, నిరాశ గురించిన మొదటి రెండు ప్రశ్నలను విడిగా చూడాలి. చేయాలని ఉండి చేయలేకపోవడం ఒకటి, చేయాలనే అనిపించకపోవడం మరొకటి. రెండూ కలిసి ఉండటమూ ఉంది.

రెండోది కండరాల బలహీనత. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడినవారిలో తొడ, భుజం కండరాలు సన్నబడతాయి. వారూ 'ఓపిక లేదు' అనే అంటారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంటే తేడా తెలుస్తుంది.

మూడోది, అసలు వదలకూడనిది, ఇమ్యూనోథెరపీలో ఉన్నవారి అలసట. చెక్‌పాయింట్ ఇన్హిబిటర్లు (ఇమ్యూనోథెరపీలో వాడే ఒక రకం మందులు) థైరాయిడ్‌ను దెబ్బతీయడం మామూలుగానే చూస్తాం. అరుదుగా పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని కార్టిసాల్ అనే హార్మోను పడిపోతుంది. అలసటతో పాటు బీపీ తగ్గడం, సోడియం తగ్గడం, వాంతులు కనిపిస్తే ఉదయపు కార్టిసాల్ పరీక్ష వాయిదా వేయకూడదు. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి.

ఇవేవీ చేయకుండా అంకె రాసి ఫైలు మూసేస్తే అడగడం దండగే, పైగా రోగి తర్వాతిసారి నిజం చెప్పడం మానేస్తారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో వ్యాధి ముదిరిన దశలో కీమో తీసుకుంటున్న 766 మందిపై జరిగిన అధ్యయనంలో ఒక వర్గం అలసటతో సహా 12 లక్షణాలను కంప్యూటర్ ద్వారా తామే నమోదు చేసింది. ఏదైనా తీవ్రమైనా, ముదిరినా నర్సుకు ఈమెయిల్ వెళ్లేది. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం వారి మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మామూలు పద్ధతిలో ఉన్నవారిది 26 నెలలు. ఆ తేడా అలసట ఒక్కదాన్ని కొలవడం వల్ల వచ్చిందనడానికి లేదు. కానీ అక్కడ ప్రతి అంకె వెనుక దాన్ని చూసే ఒక మనిషి ఉన్నాడు.

చికిత్స ముగిశాక పరీక్షలకు రావడం మూడు నెలలకో ఆరు నెలలకో తగ్గుతుంది, దాంతో అలసట గురించి అడగడం కూడా తరచుగా ఆగిపోతుంది. కొందరిలో అది సంవత్సరాల తరబడి మిగిలే ఉంటుంది కాబట్టి ఏడాదికొకసారైనా అదే స్కేలుతో అడగాలి. 2, 3 దగ్గర నెలలుగా నిలకడగా ఉన్న అంకె ఉన్నట్టుండి 6కు ఎగబాకితే దాన్ని 'పాత అలసటే' అని తీసేయకూడదు. వ్యాధి తిరగబెట్టిందేమో, మెడకు రేడియేషన్ పడినవారిలో థైరాయిడ్ మందగించిందేమో, డాక్సోరుబిసిన్ అనే కీమో మందు తీసుకున్నవారిలో గుండె పంపింగ్ తగ్గిందేమో ఆ వారంలోనే చూడాలి.